నిజాం కాలం ఎర్ర అణా స్టాంపు

నా ఆల్బమ్ మొదటి పేజీలో ఉన్న స్టాంపుకి బజార్లో పెద్దగా విలువ లేదు. నిజాం కాలం నాటి ఒక అణా స్టాంపు. ఎరుపు రంగు వెలిసిపోయింది, ఒక పక్క పళ్ళు రెండు ఊడిపోయాయి. స్టాంపులు చూడడానికి ఎవరొచ్చినా ఆ పేజీ గబగబా తిప్పేసి తర్వాతి పేజీల్లోని జైపూర్ సంస్థానం స్టాంపు మీది సూర్యరథం దగ్గరో, బూందీ సంస్థానం స్టాంపు మీది కటారి దగ్గరో ఆగుతారు. నేను మాత్రం నలభై ఏళ్ళకు పైగా ఆ మొదటి పేజీ దగ్గరే ఆగుతున్నాను.

1981 ఎండాకాలం. నాకు పదకొండేళ్ళు. మా ఊరు వరంగల్‌కి దగ్గర్లోనే. బడిలో మా క్లాసు పిల్లాడు ఒకడు స్టాంపులు పోగుచేసేవాడు. హంగరీవి, పోలండ్‌వి, భూటాన్‌వి. వాడి నోటుబుక్కు చూసిన రోజు నుంచి నాకూ అదే పిచ్చి పట్టుకుంది. హనుమకొండలో పుస్తకాల షాపులో రూపాయికి ఒక చిన్న ప్యాకెట్ దొరికేది. అందులో సగం మగ్యార్ పోస్టా అని రాసినవే ఉండేవి. ఆ మగ్యార్ అంటే హంగరీ అని తెలియడానికే నాకు ఏడాది పట్టింది. ఉత్తరాల మీది స్టాంపులు ఎలా తీయాలో వాడే నేర్పాడు. స్టాంపు చుట్టూ కాగితం కత్తిరించాలి. గిన్నెలో నీళ్ళు పోసి స్టాంపు పైకి ఉండేలా తేలెయ్యాలి. పావుగంటలో జిగురు నాని స్టాంపు తనంతట తనే జారుతుంది. దాన్ని పాత పేపరు మీద బోర్లా వేసి ఆరబెట్టి, రాత్రికి లావుపాటి పుస్తకంలో పెట్టాలి. ఈ పని నేను ఎంత శ్రద్ధగా చేసేవాణ్ణో! మా ఇంటికొచ్చే ప్రతి ఇన్‌లాండ్ లెటర్ మీదా, ప్రతి కవరు మీదా నా కన్నే.

ఇంట్లో కొత్త ఉత్తరాలు అయిపోయాక నా చూపు అర్రలో ఉన్న తాత రేకు సందూక మీద పడింది. అందులో భూముల కాగితాలు, పహాణీ నకళ్ళు, ఉర్దూలో రాసిన అర్జీలు, తాడుతో కట్టిన పాత ఉత్తరాల కట్టలు ఉండేవి. తాత పొలానికి పోయిన ఒక మధ్యాహ్నం మెల్లగా మూత తీశాను. కర్పూరం, పాత కాగితం కలిసిన వాసన. కట్టలో మూడోదో నాలుగోదో మడత విప్పితే కనిపించింది ఆ రసీదు. చేతితో రాసిన అరఠావు కాగితం. కింద కుడి పక్కన ఎర్ర స్టాంపు. దాని మధ్యలో ఉర్దూ అక్షరాల మెలికలు, ఇంగ్లీషులో పోస్ట్ అండ్ రిసీట్ అని. కళ్ళు దగ్గరగా పెట్టి చూస్తే అంచున చిన్న చిన్న తెలుగు అక్షరాలు! నేను అప్పటిదాకా చూసిన ఇండియా స్టాంపుల మీద హిందీ, ఇంగ్లీషు తప్ప ఇంకో భాష లేదు. తెలుగు ఉన్న స్టాంపు ప్రపంచంలో ఉంటుందనే నాకు తెలియదు.

కాగితం పైన 1338 అని వేసి ఉంది. ఆ ఏడే మాకు బడిలో కాకతీయుల పాఠం అయింది. ప్రతాపరుద్రుడి రాజ్యం 1323లో పోయిందని బట్టీ పట్టి ఉన్నాను. అంటే ఇది కాకతీయులు పోయిన పదిహేనేళ్ళకు రాసిన కాగితం అని నాకు గుండె దడదడలాడింది. అప్పటికి ప్రపంచంలోనే ఎక్కడా స్టాంపులు లేవన్న సంగతి ఆ వయసులో ఎవరు చెబుతారు?

స్టాంపు మీదుగా నల్లటి సిరాతో సంతకం ఉంది. సంతకం కాగితం మీద మొదలై స్టాంపు మీదికి ఎక్కింది. ఆ గీతలు లేకుండా ఉంటే స్టాంపు ఇంకా బాగుండేదని అనుకున్నాను. నీళ్ళలో వేస్తే సిరా కూడా పోతుందేమోనని ఆశ పడ్డాను కూడా. ఆ మాట దాచుకోను.

కత్తెరతో ఆ మూల కత్తిరించి సిల్వర్ గిన్నెలో వేశాను. నిమిషం కాకముందే స్టాంపు మీది నుంచి సిరా లేచింది. సన్నటి పొగలాగా మెల్లగా మెలికలు తిరుగుతూ నీళ్ళలోకి దిగింది. గిన్నె అడుగున చేరి అక్కడ లేత ఊదారంగులో పరుచుకుంది. నేను ఆ రంగు చూస్తూ సంతోషపడ్డాను. పావుగంట తర్వాత స్టాంపు శుభ్రంగా బయటికి వచ్చింది.

తాత సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక నేనే పరుగెత్తి చూపించాను. అంత గొప్ప పని చేశానని నా నమ్మకం.

"తాతా, కాకతీయుల కాలం స్టాంపు దొరికింది."

తాత దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. "ఎక్కడిదిరా ఇది?" అన్నాడు. చెప్పాను. లేచి అర్రలోకి పోయాడు. సందూక తెరిచిన చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. బయటికి వచ్చినప్పుడు ఆయన చేతిలో మూల తెగిన రసీదు ఉంది.

"ఇది మా మేనత్త సంతకం బిడ్డా," అన్నాడు. అంతే. తిట్టలేదు. కొట్టినా నాకు అంత నొప్పి ఉండేది కాదు.

ఆ రసీదు కథ ఆ రాత్రి మంచం మీద పడుకుని చెప్పాడు. మా ముత్తాత చెల్లెలికి పెళ్ళిలో పసుపు కుంకుమ కింద కొంత చెలక భూమి ఇచ్చారు. చిన్న వయసులోనే ఆమె భర్త చనిపోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి వచ్చేసింది. తర్వాత ఆ చెలకను అన్నకే ఇచ్చి, దానికి రావాల్సిన డబ్బు తీసుకుని, ముట్టినవి అని రాసిచ్చిన కాగితం అది. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు నిశానీ, అంటే వేలిముద్ర, వేసేవాళ్ళు. సంతకం చేసిన ఆడమనిషి ఆమె ఒక్కతే అని తాత చెప్పాడు. ఆమెకు చదువు ఎవరు నేర్పారో తాతకూ తెలియదు. కానీ తాతకు తెలుగు నేర్పింది ఆమే. బడిలో అంతా ఉర్దూ. పొద్దున ఉర్దూలో పాఠాలు చదువుకుని వస్తే, సాయంత్రం ఆమె ముగ్గుపిండి అరుగు మీద పరిచి అందులో వేలితో తెలుగు అక్షరాలు రాయించేది. ముగ్గుపిండిలో రాసినవి ఎక్కడుంటాయి? ఆమె చేతిరాత అని ఇంట్లో మిగిలింది ఆ రసీదు మీది సంతకం ఒక్కటే. ఇంటిపేరు కాగితం మీద రాసి, పేరు స్టాంపు మీదికి వచ్చేలా చేసింది. నేను కడిగేసింది ఆమె పేరు. మిగిలిన ఇంటిపేరు ఆమె అత్తగారింటిది.

మర్నాడు తాత నా పలక తెమ్మన్నాడు. తన మేనత్త పేరు ఆమె ఎలా రాసేదో అలాగే రాసి చూపించాడు. ఆమె రాతలో ఒక తీరు ఉండేదట. మనం ఒక అక్షరం రాసి దానికి తలకట్టు పెట్టి తర్వాతి అక్షరానికి పోతాం. ఆమె ముందు అన్ని అక్షరాల ఒళ్ళూ రాసేసి, చివర్లో మళ్ళీ మొదటికొచ్చి తలకట్లన్నీ వరసగా టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ పోయేది. "పొలంల వరసగా నాట్లేసినట్టు," అన్నాడు తాత. నా చేత పదిసార్లు రాయించాడు. ఆ పేరు ఇక్కడ రాయను. అది మా ఇంట్లోనే ఉండనీ.

వారం తర్వాత తాతే సందూక తెరిచి, తనకొచ్చిన పాత ఉత్తరాల కట్ట నా ముందు పెట్టాడు. "నీళ్ళల్ల మాత్రం వెయ్యకు," అన్నాడు. నేను సంస్థానాల స్టాంపులు పోగుచేయడం మొదలుపెట్టింది ఆ రోజే.

ఆ కట్టతో తాత నాకు ఒక రాజ్యం మొత్తం చూపించాడు. గోధుమ రంగు ఒక అణా మీద చార్మినార్. ఊదా రెండణాల మీద హైకోర్టు. నీలం నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్. నారింజ ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం. ఇవన్నీ 1931లో వచ్చిన వరస. అజంతా మహారాష్ట్రలో కదా, మన స్టాంపు మీద ఎందుకుంది అని అడిగాను. "అప్పుడు ఔరంగాబాద్ మనదే, బీదర్ మనదే, గుల్బర్గా మనదే," అన్నాడు తాత. నిజమే. అదే వరసలో పన్నెండణాల మీద బీదర్ మదర్సా, రూపాయి మీద దౌలతాబాద్ మీనార్ ఉంటాయి. 1956లో రాష్ట్రాలు విడిపోయి మరాఠీ జిల్లాలు ఒక పక్కకు, కన్నడ జిల్లాలు ఇంకో పక్కకు పోయాయి. నేను అట్లాసులో నేర్చుకోని ఆ పాత హైదరాబాద్ సరిహద్దులు ఆ స్టాంపుల నుంచే నేర్చుకున్నాను.

కొన్ని స్టాంపుల మీద నల్లటి ఉర్దూ అచ్చు అదనంగా కొట్టి ఉంది. నేను దాన్ని మరక అనుకున్నాను. "మరక కాదు, సర్కారీ అని రాసిన్రు," అని చదివి చెప్పాడు తాత. ప్రభుత్వ కచేరీల ఉత్తరాలకు వాడే స్టాంపుల మీద అలా అచ్చు కొట్టేవాళ్ళు. ఆ ఒక్క మాట చదవడం వచ్చాక మిగతా ఉర్దూ అక్షరాలు కూడా నేర్పమని వెంటపడ్డాను. తాత నాకు ఉర్దూ నేర్పింది స్టాంపుల మీదే. ఆయనకు తెలుగు ముగ్గుపిండిలో వచ్చింది, నాకు ఉర్దూ అణా బిళ్ళల మీద వచ్చింది.

1338 చిక్కుముడి కూడా ఆయనే విప్పాడు. అది ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో కాగితాలన్నీ ఫసలీలోనే. దానికి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అంటే ఆ రసీదు 1928-29 నాటిది. పోస్ట్ అండ్ రిసీట్ అని ఎందుకుందో కూడా అప్పుడే తెలిసింది. 1915 నుంచి వచ్చిన ఆ స్టాంపులు ఉత్తరాలకూ పనికొచ్చేవి, రసీదులకూ పనికొచ్చేవి. ఒకే బిళ్ళ ఒక ఇంట్లో కవరు మీద ఎక్కి ఊళ్ళు తిరిగితే, ఇంకో ఇంట్లో రసీదు మీద కూర్చుని సందూకలోనే ఉండిపోయింది.

తాత చెప్పిన ఇంకో సంగతి నాకు చాలాకాలం వింతగా ఉండేది. నిజాం స్టాంపు నిజాం రాజ్యంలోనే చెల్లేది. వరంగల్ నుంచి ఔరంగాబాద్‌కు చెల్లుతుంది, పక్కనే ఉన్న బెజవాడకు చెల్లదు. అక్కడికి రాయాలంటే ఇంగ్లీషువాళ్ళ స్టాంపు కావాలి. రూపాయలు కూడా వేరు. ఇక్కడిది హాలీ సిక్కా, అక్కడిది కల్దార్. బెజవాడలో బంధువులున్న ఇంట్లో రెండు రకాల డబ్బు, రెండు రకాల స్టాంపులు దగ్గర పెట్టుకునేవాళ్ళట.

1987లో డిగ్రీ కోసం హైదరాబాద్ వచ్చాను. ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ ఒక మూలన ఒక పెద్దాయన చిన్న స్టూలు వేసుకుని, బట్టర్ పేపర్ కవర్లలో స్టాంపులు పెట్టుకుని కూర్చునేవాడు. నా మెస్ బిల్లు ఎన్నోసార్లు ఆయన చేతికే వెళ్ళింది. ఆయన నాకు అమ్మిన వాటికన్నా నేర్పినవే ఎక్కువ. మొదట నేర్పింది లెక్క. బ్రిటిష్ వాళ్ళ కాలంలో సంస్థానాలు ఐదొందలకు పైగా ఉన్నా, సొంత స్టాంపులు ఉన్నవి నలభైకి అటూ ఇటూ. వాటిలో ఆరు మాత్రం బ్రిటిష్ తపాలాతో ఒప్పందం చేసుకుని, ఇండియా స్టాంపుల మీదే తమ పేరు అచ్చు కొట్టించుకున్నాయి. పటియాలా, గ్వాలియర్, నాభా, జింద్, ఫరీద్‌కోట్, చంబా. 1884లో ఈ పద్ధతి మొదలుపెట్టింది పటియాలా. తొలి స్టాంపుల మీద ఆ ఊరి పేరు ఇంగ్లీషులో పుట్టియాల్లా అని ఉంటుంది. మిగతావి సొంతంగా అచ్చేసుకున్నవి. నా మనసు ఎప్పుడూ వీటి మీదే ఉండేది. అందం గురించి కాదు. ఎవరి చేతి పనితనం వాళ్ళది అన్నట్టు, ఒక్కో ఊరి వాసన ఒక్కో స్టాంపు మీద తెలుస్తుంది. బుషహర్ వాళ్ళు పులిని వేసుకున్నారు, సిర్మూర్ వాళ్ళు ఏనుగుని. దతియా వాళ్ళు వినాయకుణ్ణి పెట్టుకుంటే, ఝాలావాడ్ వాళ్ళు నాట్యం చేసే రంభను పెట్టుకున్నారు.

భోపాల్ స్టాంపులు చూసినప్పుడు మాత్రం నేను ఆ ఫుట్‌పాత్ మీదే గంటసేపు కూర్చుండిపోయాను. 1870లలో మొదలైన స్టాంపులవి. అప్పుడు భోపాల్ నవాబు ఒక స్త్రీ, షాజహాన్ బేగం. చుట్టూ ఇంగ్లీషులో ఆమె పేరు. మధ్యలో సిరా లేకుండా, కాగితాన్ని ఉబ్బెత్తుగా నొక్కి చేసిన ఉర్దూ అక్షరాలు. వేలు పెడితే తగులుతాయి. షీటులో ఒక్కో స్టాంపునూ విడివిడిగా చేత్తో గీశారు. ఇంగ్లీషు రాని చేతులు గీసినవి కాబట్టి బేగం పేరు ఒక్కో స్టాంపు మీద ఒక్కోలా ఉంటుంది. ఒకచోట అక్షరం ఎగిరిపోతుంది, ఇంకోచోట తారుమారవుతుంది. కేటలాగులో ఈ తప్పులకు పేజీలకు పేజీలు కేటాయించారు. రాని భాష అక్షరాలను చూసి చూసి గీస్తున్న ఆ మనిషి చేయి నాకు ఆ స్టాంపుల మీద కనిపించింది. ఒక స్త్రీ పేరును అన్నిసార్లు, అన్ని రకాలుగా రాసిన కాగితం ఇంకోటి నేను చూడలేదు. మా ఇంట్లో పోయిన పేరు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఒకసారి ఆ పెద్దాయన దగ్గర కశ్మీర్ పాత స్టాంపు ఒకటి కొన్నాను. 1866లో గుండ్రటి స్టాంపులతో మొదలైంది కశ్మీర్ వాళ్ళ తపాలా. తొలి రోజుల్లో వాటిని నీటిరంగులతో చేత్తో అద్దేవాళ్ళు. డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "బేటా, ఇస్కో పానీ మే మత్ డాల్నా," అన్నాడు. నీళ్ళు తగిలితే రంగు మొత్తం కరిగి తెల్లకాగితం మిగులుతుంది, స్టాంపు తెలిసినవాళ్ళు కొన్నిటిని కాగితంతో పాటే ఉంచుకుంటారు అని చెప్పాడు. ఆరేళ్ళ కింద మా తాత చెప్పిన మాటే. నేను ఆయనకు మా రసీదు కథ అక్కడే నిలబడి చెప్పాను. విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కశ్మీర్ స్టాంపుకి డబ్బు సగమే తీసుకున్నాడు.

ఆ తర్వాత నేను కవరు నుంచి ఏ స్టాంపునూ విడదీయలేదు. ఉత్తరం ఉంటే ఉత్తరంతో, రసీదు ఉంటే రసీదుతో ఉంచాను. జాగా ఎక్కువ పడుతుంది, ఆల్బమ్‌లు సరిపోవు, చెదల భయం ఎక్కువ. అయినా సరే. స్టాంపు మీద ముద్ర సగం, కాగితం మీద సగం ఉంటుంది. రెంటినీ విడదీస్తే ఏ ఊళ్ళో ఏ రోజున ఎక్కింది అన్న సంగతి రెండు ముక్కలవుతుంది. ఈ విషయంలో నాతో పేచీ పడిన స్నేహితులున్నారు. శుభ్రంగా విడదీసి వరసల్లో అమర్చితేనే సేకరణ అంటారు వాళ్ళు. నేను ఒప్పుకోను.

ఉద్యోగంలో చేరాక తిరువనంతపురంలో రెండేళ్ళు ఉన్నాను. అక్కడ తిరువాన్కూర్ సంస్థానం వాళ్ళ అంచల్ తపాలా గురించి తెలిసింది. అంచల్ అంటే మన అంచె. అంచెలంచెలుగా అని మనం రోజూ వాడే మాటలో ఉన్నది అదే. కన్నడంలో ఇప్పటికీ పోస్టుని అంచె అనే అంటారు. గంట కట్టిన కర్ర పట్టుకుని పరుగెత్తే అంచల్‌కారన్ ఎదురొస్తే జనం దారి ఇచ్చేవాళ్ళట. వాళ్ళ స్టాంపు మీద శంఖం ఉంటుంది. 1888లో మొదలయ్యాయి. విలువలు అణాల్లో కాదు, చక్రాల్లో. 16 కాసులు ఒక చక్రం, 28 చక్రాలు ఒక రూపాయి. మా ఆఫీసులో ఒక పెద్దావిడ తన తండ్రికి వచ్చిన అంచల్ కవరు ఒకటి ఇచ్చింది. నేను కథ చెప్పి అడిగితే కాదనలేకపోయింది. దాన్ని తీసుకున్నందుకు ఇప్పటికీ ఒక్కోసారి మనసు పీకుతుంది. అది వాళ్ళ ఇంటి సందూకలో ఉండాల్సింది కదా అని.

నేను అన్నిటికన్నా ఎక్కువ వెతికింది మా ఊరి స్టాంపు కోసం. 1947లో హైదరాబాద్ వాళ్ళు మూడణాల స్టాంపు మీద వరంగల్ కోటలోని కాకతీయ తోరణం వేశారు. నేను చిన్నప్పుడు ఆ తోరణం కింద ఆడుకున్నాను. దాని స్తంభాల నీడలో టిఫిన్ డబ్బాలు విప్పాం. అది స్టాంపు మీద ఉందని తెలిసిన రోజు నుంచి నాలుగేళ్ళు తిరిగాను. చివరికి ఉత్తరంతో సహా దొరికింది. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఇండియాలో కలిసిపోయింది. ఆ తర్వాత కూడా నిజాం స్టాంపులు కొంతకాలం నడిచాయి. 1950 ఏప్రిల్ 1న హైదరాబాద్ తపాలా ఇండియా తపాలాలో కలిసింది. నాకు దొరికిన ఉత్తరం 1949 నాటిది. రాజ్యం అప్పటికే పోయింది, స్టాంపు ఇంకా పనిచేస్తోంది. 2014లో తెలంగాణ చిహ్నంలో అదే తోరణం చూసినప్పుడు లేచి వెళ్ళి ఆ కవరు తీసి పక్కన పెట్టుకున్నాను. తాత అప్పటికి లేడు.

జుమేరాత్ బజార్‌కి కూడా చాలాసార్లు వెళ్ళాను. పాత ఇనుము, పాత తాళాలు, పాత ఫొటోల మధ్య ఒకసారి తాడుతో కట్టిన రసీదుల కట్ట దొరికింది. అన్నీ ఎర్ర అణా, పచ్చ అరణా స్టాంపులే, అన్నిటి మీదా కలం గీతలే. అమ్మేవాడు కిలోల లెక్కన ఇచ్చేశాడు. కలంతో కొట్టేసిన స్టాంపుకి సేకరించేవాళ్ళలో గిరాకీ తక్కువ. పోస్టాఫీసు ముద్ర ఉంటేనే వాళ్ళకు అది స్టాంపు. ఈ లెక్క నాకు ఎప్పుడూ సరిగా అనిపించలేదు. ముద్ర కొట్టిన గుమస్తా ఎవరో తెలియదు. సంతకం చేసినవాళ్ళు మాత్రం ఆ రోజు ఆ కాగితం ముందు కూర్చుని, వేళ్ళకు సిరా అంటుకుంటూ, తమ పేరు తాము రాశారు. ఆ కట్టలో ఎక్కువ నిశానీలే. బొటనవేలి గీతలు స్టాంపు మీది ఉర్దూ మెలికలతో కలిసిపోయి ఉంటాయి. ఉర్దూ సంతకాలు, మోడీ అనే పాత లిపిలో మరాఠీ సంతకాలు, వంకర టింకర తెలుగు సంతకాలు కొన్ని. అన్నీ విప్పి చూశాను. ఆడవాళ్ళ సంతకం ఒక్కటీ లేదు. అప్పటి నుంచి ఎక్కడ పాత రసీదు కనిపించినా మొదట చూసేది అదే.

నిరుడు సంక్రాంతికి మా అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు ఆల్బమ్ తీసి, "నాన్నా, వీటన్నిటికీ ఫొటోలు తీసి పెడదాం, ఏదైనా అయితే మళ్ళీ దొరకవు," అంది. మొదటి పేజీతోనే మొదలుపెట్టింది. ఆ పేజీలో తాత ఇచ్చిన రసీదు, దాని తెగిన మూల, విడిగా ఎర్ర స్టాంపు ఉంటాయి. వెలుతురు సరిపోవడం లేదని తన ఫోన్ టార్చ్ వేసి, ఇంకో ఫోన్‌తో తీస్తోంది. టార్చ్ పక్కనుంచి పడుతోంది, బల్లకు దాదాపు ఆనుకుని.

"నాన్నా, ఇక్కడేవో గీతలున్నాయి," అంది.

భూతద్దం తెచ్చాను. నలభై ఏళ్ళుగా ఆ స్టాంపును పైనుంచి వెలుగులో చూశాను తప్ప ఎప్పుడూ పక్కనుంచి చూడలేదు. స్టాంపు పైభాగంలో, ఉర్దూ అక్షరాల మీదుగా, కాగితంలోకి దిగిన చిన్న నొక్కుళ్ళు. ఇనుప పాళీ గట్టిగా ఆనిన చోట మిగిలే గాడి లాంటివి. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, కొంచెం ఎడంగా మూడోది. మూడూ ఒకే వరసలో, ఒకే వాలులో, కొంగ ముక్కుల్లా పైకి తిరిగి ఉన్నాయి. వాటి కింద అక్షరాల ఒళ్ళు ఏమీ లేవు. సిరాతో పాటు అవి పోయాయి.

మా అమ్మాయిని పలక లాంటిదేమైనా తెమ్మన్నాను. ఇంట్లో పలక ఎక్కడుంది? పాత డైరీ తెచ్చింది. తాత నా చేత పదిసార్లు రాయించిన ఆ పేరు రాశాను. ముందు అక్షరాల ఒళ్ళు, తర్వాత మళ్ళీ మొదటికొచ్చి తలకట్లు. మూడు తలకట్లు. మా అమ్మాయి ఫోన్ టార్చ్ అలాగే పట్టుకుని డైరీనీ స్టాంపునూ మార్చి మార్చి చూసింది.

ఆ రాత్రి స్టాంపును హింజితో, అంటే స్టాంపులు అంటించే చిన్న జిగురు కాగితంతో, రసీదు తెగిన మూల మీద, మొదట ఎక్కడుందో అక్కడే నిలబెట్టాను. కాగితం మీద ఇంటిపేరు ఆగిన చోట స్టాంపు మొదలవుతుంది.